పలకల మీద పసుపు

మూడు రోజుల ప్రయాణంలో నాకు అప్పగించింది ఒకే ఒక్క పని. బండి ఆగిన చోటల్లా స్టూలు వేసుకుని ఎక్కి, పైకప్పు మీది సోలారు పలకలను తడిగుడ్డతో తుడవాలి. ఆ పని నేను చెయ్యలేదు. చేశానని చెప్పాను. ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. తలుచుకుంటే ముందు సిగ్గు వేస్తుంది, వెంటనే గుండె తేలికవుతుంది. సిగ్గు పడాల్సినవాణ్ణి ఇంత తేలికగా ఎలా ఉన్నానో చెప్పాలంటే మొత్తం చెప్పాలి.

బండి నా బావమరిదిది, అంటే నా భార్య తమ్ముడిది. మద్రాసు కోడంబాక్కంలో సినిమా షూటింగులకు కరెంటు ఇచ్చే జనరేటరు వ్యాను మీద ఇరవై ఏళ్ళకు పైగా పని చేశాడు. ఆ మోత పక్కన కూర్చుని కూర్చుని అతని ఎడమ చెవి దాదాపు పోయింది. ఒకసారి వ్యాను పైనుంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. నేల మీద బాగానే నడుస్తాడు గాని ఎత్తు ఎక్కలేడు, స్టూలైనా సరే. డాక్టరు రెండో చెవి గురించి హెచ్చరించాక పని మానేసి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, మోత లేని బండి చేస్తానని కూర్చున్నాడు.

నేను మనలిలో ఒక ప్లాంటులో మీటర్లూ గేజీలూ చూసే విభాగంలో ముప్ఫై ఏళ్ళు చేసి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. అతను వ్యాను మీదున్న అన్నేళ్ళూ నేను అతన్ని 'జనరేటరోడు' అనే పిలిచాను. పెళ్ళి పంక్తుల్లో, సీమంతాల్లో, నలుగురి ముందూ. అతను నవ్వేవాడు. ఆ నవ్వు చూసి అతనికీ సరదాగానే ఉందని అనుకునేవాణ్ణి. అలా అనుకోవడం నాకు సులువు.

బండి అంటే మూడు చక్రాల లగేజీ ఆటో. ఇంజను తీసేసి మోటారు పెట్టాడు. సీటు కింద బ్యాటరీలు, పైన పందిరిలా నాలుగు సోలారు పలకలు. హ్యాండిలు పక్కన పాత జనరేటరు నుంచి ఊడదీసిన ముల్లు మీటరు ఒకటి బిగించాడు. ఎండ నుంచి ఎంత కరెంటు వస్తోందో అది చూపిస్తుంది. ముల్లు పదిహేను దగ్గర ఉంటే రాజభోగం. పదికి దిగితే జాగ్రత్త. ఐదుకు దిగితే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టే.

నెల్లూరు అవతల కూరగాయలు పండించే ఒక పల్లెలో రైతుల సంఘం ఉంది. ఆ సంఘం పెద్దాయన ఎవరి ద్వారానో బండి సంగతి విని కబురు పెట్టాడు. "మద్రాసు నించి ఎక్కడా ప్లగ్గు పెట్టకుండా, ఉత్త ఎండతో మా ఊరికి శుక్రవారం పొద్దుగూకేలోగా రా. శనివారం సంతకు మా వంకాయలు దాంట్లోనే తోలదాం. బాగుంటే ఐదు బండ్లు చేయిస్తాం." ఐదు బండ్లంటే షెడ్డు నిలబడుతుంది. లేకపోతే మళ్ళీ జనరేటరు పక్కకే పోతానని అతను అప్పటికే వ్యాను యజమానికి మాట ఇచ్చేశాడు. ఈ సంగతి నా భార్య నాకు చెప్పి, "వాడికి మిగిలింది ఒక్క చెవి. దారిలో వాణ్ణి ఏమీ అనబాకండి" అంది.

"నేనేమంటాను?" అన్నాను.

"ఏమనరు?" అంది.

బుధవారం పొద్దున బండిని రాయపురంలో మా ఇంటి ముందుకు తెచ్చాడు. ఇంటి పెద్దల్లుణ్ణి కాబట్టి పూజ నా చేతుల మీదుగా జరగాలి. మా ఇంట్లో ఏ యంత్రం వచ్చినా, అది గ్రైండరైనా ఫ్రిజ్జైనా, ముందు పసుపు పడాలి, తర్వాతే స్విచ్చి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ముందు అద్దానికి బొట్లు పెట్టాను. స్టూలు తెచ్చి పలకల వైపు చెయ్యి చాపగానే అతను పరుగున వచ్చాడు.

"బావా, ఆడ మాత్రం వద్దు. ఎండ తగలాల్సిన జాగా అది. ఒక్క గడి మూసుకుంటే వరసంతా పడిపోతాది."

"దేవుడి పసుపు అడ్డమా నీకు?"

"దేవుడికి అద్దం ఇచ్చినాం గదా. చాలదా?"

సరే అన్నాను. అతను కాఫీకి లోపలికి పోగానే మళ్ళీ స్టూలెక్కాను. పసుపు నీళ్ళలో కలిపితే ఎండకు రాలిపోతుందని నువ్వుల నూనెలో గట్టిగా కలిపి ఉంచాను. నాలుగు పలకల మీదా అరచెయ్యంత వెడల్పున, మూరెడు పొడవున పట్టెలు దిద్ది, ఒక్కోదాని నడుమ కుంకుమ పెట్టాను. కిందనుంచి చూస్తే ఏమీ కనబడదు. దిగి చేతులు కడుక్కున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా దాటెయ్యలేను. ప్లాంటులో ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు కుర్ర ఉద్యోగులు పంపులకూ ప్యానెళ్ళకూ కుంకుమ పెట్టేవాళ్ళు. గేజీ అద్దం మీద మాత్రం నేను పెట్టనిచ్చేవాణ్ణి కాదు. రీడింగు కనబడదని కేకలేసేవాణ్ణి. అంటే నాకు తెలియక చేసింది కాదు. నా ప్లాంటులో మీటరు మీటరే. బావమరిది చేసిన బండి నా కంటికి బొమ్మ. బొమ్మ మీద ఎక్కడ బొట్టు పెడితే ఏం?

నా భార్య పులిహోర, పెరుగన్నం కట్టి ఇచ్చింది. తుడవడానికని తన పాత నేత చీర చించి మెత్తటి గుడ్డ ఒకటి ఇచ్చింది. సీటు మీద అతను మధ్యలో, నేను ఎడమ పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. ఎడమ పక్క కావాలనే ఎంచుకున్నాను. నోటికి వచ్చిందల్లా గొణుక్కోవచ్చు, అతనికి వినబడదు.

రెడ్‌హిల్స్ మీదుగా పోదాం, దుమ్ము తక్కువ అన్నాడతను. మనలి మీదుగానే పోవాలని నేను పట్టుబట్టాను. నా పాత ప్లాంటు గేటు ఎదురుగా ఉండే టీకొట్టులో పాతవాళ్ళు ఉంటారు. నేను ఎండబండిలో పోవడం వాళ్ళు చూడాలి. చూసి నవ్వితే నేనూ వాళ్ళతో కలిసి నవ్వాలి. నా మనసులో ఉన్నది అదీ.

ఆ దారిలో బొగ్గూ సిమెంటూ ఎత్తుకుని పోయే ట్రెయిలర్లు. మేము సైకిలు కంటే కొంచెం ముందు, ఆటో కంటే బాగా వెనక. ఒక్కో ట్రెయిలరు దాటిపోతుంటే మా మీద బూడిద చల్లినట్టయ్యేది. టీకొట్టు దగ్గర ఆపగానే అతను స్టూలు దించి, గుడ్డ తడిపి నా చేతికిచ్చాడు. సరిగ్గా అప్పుడే నా కింద పనిచేసిన ఒకాయన బల్ల మీదనుంచి లేచాడు.

"ఎన్న సార్! సూపర్‌వైజరు పని అయిపోయి లారీ క్లీనరు వేలైకి చేరినారా?"

బల్ల మీదవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. గుడ్డ చంకలో పెట్టుకుని బండి అటు పక్కకు పోయి, స్టూలు మీద ఒక కాలు పెట్టి, కాసేపు నిలబడి వచ్చేశాను. తుడిస్తే పసుపు కూడా పోతుంది, అపచారం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. క్లీనరులా కనబడటం ఇష్టం లేదన్నది అసలు సంగతి. ఆ రెండు కారణాల్లో ఒకటి దేవుడిది కావడం నాకు బాగా కలిసివచ్చింది.

"తుడిచినావా బావా?"

"తుడిచినాలే."

మీంజూరులో అదే మాట. గుమ్మిడిపూండి దాటాక అదే మాట. అందరూ నీడ చూసుకుని బండి ఆపితే మేము ఎండ చూసుకుని ఆపేవాళ్ళం. నేను వేపచెట్టు కిందికి పోయి కూర్చునేవాణ్ణి. అతను మీటరు ముందు నిలబడి ముల్లు వంక చూస్తూ తల గోక్కునేవాడు. "పన్నెండుకే నిలబడింది బావా. మబ్బు కూడా లేదే." సాయంత్రం సూళ్ళూరుపేట చేరేసరికి ముల్లు ఎనిమిదికి దిగింది. అక్కడ ఒక సత్రంలో పడుకున్నాం. దీపం స్తంభం పక్కనే ప్లగ్గు ఉన్నా అతను దాని వంక చూడను కూడా చూడలేదు.

గురువారం నాయుడుపేట పది పన్నెండు కిలోమీటర్లు ఉందనగా బండి నడక మనిషి నడకంత అయింది. తర్వాత అదీ లేదు. నడినెత్తిన ఎండ. ముల్లు నాలుగు దగ్గర ఉంది. ఇద్దరం రోడ్డు వారకు తోశాం. పక్కన ఒక సోడా బంకు, దాని వెనక తుమ్మచెట్లు.

అతను సీటు కింద కంట్రోలరు డబ్బా విప్పాడు. పలకల నుంచి వచ్చే కరెంటును బ్యాటరీకి సర్దే డబ్బా అది. తను స్వయంగా వైర్లు అతికి బిగించింది. ఒక్కో వైరూ లాగి చూశాడు. బ్యాటరీతో నడిచే చిన్న సోల్డరింగు కడ్డీ తీసి రెండు చోట్ల మళ్ళీ అతికాడు. చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. గంటన్నర గడిచింది.

"పైన శుభ్రంగానే ఉండాది గదా బావా?"

"పొద్దున తుడిచినా గదా. ఎన్నిసార్లు అడగతావు?"

"అయితే తప్పు నాదే. ఈ డబ్బాలోనే ఎక్కడో ఉండాది."

అప్పుడు నేను అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నేను ముందే అనుకున్నాలే. జనరేటరోడు చేసిన పని జనరేటరోడి పనిలాగే ఉంటాది."

ఎడమ పక్కనుంచి కాదు. ఎదురుగా నిలబడి అన్నాను. అతనికి పూర్తిగా వినబడింది. ఈసారి నవ్వలేదు. స్క్రూడ్రైవరు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, సోడా బంకు బల్ల మీద కూర్చున్నాడు. కొంతసేపటికి జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరికి?"

"సంఘం పెద్దాయనకి. రాలేమని చెప్పేస్తా. పాపం, సంతకి వాళ్ళు వేరే బండి చూసుకోవాల గదా." నంబరు వెతుకుతూ, "ఆ తర్వాత వ్యాను ఓనరుకి చేస్తా" అన్నాడు.

ఫోనును కుడి చెవికి ఆనించుకున్నాడు. మిగిలిన ఆ ఒక్క చెవికి. ఆ చెవిని చూస్తుంటే నా భార్య అన్న మాట గుర్తొచ్చింది.

"ఆగు. ఒక్క పది నిమిషాలు ఆగు. ఇంకోసారి తుడిచి చూస్తా."

"పొద్దునే తుడిచినావంటివే?"

"మళ్ళీ తుడిస్తే పోయేదేముంది?"

స్టూలెక్కాను. తుడవడానికని ఎక్కడం అదే మొదటిసారి. నూనె పసుపు మీద రోడ్డు దుమ్మంతా పేరుకుని, నేను దిద్దిన పట్టెలు తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. కుంకుమ ఎక్కడుందో తెలియలేదు. మిగతా పలక మీద బూడిదరంగు పొర. వేలితో గీస్తే గీత పడింది. సోడా బంకు ఆమె దగ్గర బట్టల సబ్బూ బిందెడు నీళ్ళూ అడిగి తీసుకున్నాను. ఒక్కో పట్టె వదలడానికి ఎంత రుద్దానో. దేవుడా, నీ పసుపే తుడుస్తున్నా, కోపం పెట్టుకోబాక అనుకుంటూ రుద్దాను. మోకాళ్ళు నొప్పెట్టాయి. బాగా నొప్పెట్టనీ అనుకున్నాను.

మూడో పలక సగంలో ఉండగా కిందనుంచి కేక.

"బావా! లేచింది! ముల్లు లేచింది! తొమ్మిది... పదకొండు... బావా, నేను అతికిన వైరే! ఆ వైరే!"

నాలుగోది కూడా తుడిచి దిగాను. ముల్లు పదిహేను మీద నిలబడి ఉంది. అతను తొంభై కిలోల మనిషి, తుంటి బాగాలేని మనిషి, నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "వైరే బావా. పలచగా అతికినట్టుండా. నువ్వు చెప్పింది నిజమే, నా పనే సరిగా లేదు." సంతోషంలో తన తప్పు కూడా ఒప్పేసుకుంటున్నాడు. నా చేతిలో గుడ్డ నల్లగా, జిడ్డుగా ఉంది. సోడా బంకు వెనక్కి పోయి, గుడ్డను తుమ్మచెట్లలోకి విసిరేసి వచ్చాను.

శుక్రవారం ఆగిన ప్రతిచోటా ఎక్కి తుడిచాను, నా పంచె చెంగుతో. గూడూరులో తుడిచాను, నెల్లూరు బైపాసు మీద లారీవాళ్ళు చూస్తుండగా తుడిచాను. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా పట్టించుకునే ఓపిక అప్పటికి నాకు లేదు. బండి పరిగెత్తింది. అతను కూనిరాగం తీస్తూ తోలాడు. ఆ రాగం వింటూ, మాట్లాడకపోతే ఎవరికీ నష్టం లేదు గదా, అతను సంతోషంగానే ఉన్నాడు గదా అని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను.

పొద్దుగూకడానికి ఇంకా గంట ఉందనగా పల్లె చేరాం. సంఘం కొట్టం ముందు పది పదిహేను మంది. పెద్దాయన బండి చుట్టూ తిరిగాడు, బ్యాటరీల మీద తట్టాడు, మీటరు చూశాడు. ఆయన తల్లి పళ్ళెంలో పసుపూ కుంకుమా హారతీ పట్టుకుని అరుగు మీద నిలబడి ఉంది.

"దారిలో ఏమన్నా ఇబ్బంది పెట్టిందా?" అడిగాడు పెద్దాయన.

లేదని ఒక్క మాట అనొచ్చు. నా బావమరిది అట్లాంటివాడు కాదు. "నిన్న సగం పూట ఆగిపోయినాం సార్. కంట్రోలరులో వైరు తప్పు. నా పనే. సరిచేసినా. మీ ఐదింటికీ వేరే రకం డబ్బా వేస్తా."

పెద్దాయన ముఖం మారింది. పక్కనున్న ఒక రైతు గడ్డం నిమురుకున్నాడు. "కొత్త బండి, చేసినోడే తోలుకుంటా వచ్చినాడు. అప్పుడే చెడితే మా గుంటల రోడ్డులో ఎన్నిసార్లు చెడతాదో?"

"నిజమే" అన్నాడు పెద్దాయన. "సరేలే. రేపటి సంతకు ట్రాక్టరునే పిలుద్దాం. బండ్ల సంగతి ఆలోచించి ఫోను చేస్తాంలే అబ్బాయ్."

అలాంటి ఫోన్లు రావని అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. తల ఊపాడు. నేను అలవాటుగా అతని ఎడమ పక్కన నిలబడి ఉన్నాను. అక్కడ నిలబడే, అతనికి వినబడకుండా, పెద్దాయనకు మాత్రం వినబడేట్టు చెప్పొచ్చు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. తర్వాత నడిచి అతని కుడి పక్కకు వచ్చాను.

"కంట్రోలరులో ఏ తప్పూ లేదండీ. తప్పు నాది. పలకల మీద పసుపు పెట్టొద్దని ఇతను చెప్పినా దొంగతనంగా పెట్టినా. అదీ నూనెతో. తుడవమంటే తుడవకుండా తుడిచినానని అబద్ధం చెప్పినా, ఒక చోట కాదు, నిన్నటిదాకా ఆగిన ప్రతిచోటా. దుమ్ము పట్టి ఎండ ఆగిపోయింది. నిన్న కడిగినాకనే ముల్లు లేచింది. ఇతను అతికిన వైరుతో కాదు."

నా బావమరిది నా వంక చూస్తూ ఉండిపోయాడు. నేను నేల చూశాను.

మొదట నవ్వింది ఆ ముసలమ్మ. నవ్వుతూ పళ్ళెం కింద పెట్టేసింది. "ఒరే నాయనా! నేను నిచ్చెన తెప్పించి పెట్టుకోనుండానే, పైన నిండుగా పూద్దామని! మొన్న బోరు మోటారుకి పూసింది చాలక కరెంటు మీటరు అద్దానికి కూడా పూస్తే వీడు నన్ను తిట్టినాడు."

"మరి తిట్టనా అమ్మా? నీ పుణ్యాన లైన్‌మ్యాను వచ్చి గోకి చూసుకున్నాడు" అన్నాడు పెద్దాయన.

గడ్డం నిమురుకున్న రైతు అందరికంటే గట్టిగా నవ్వాడు. "అయ్యా, మీరు చెప్పకపోతే ఐదు బండ్లకీ మొదటి రోజే ఈ పని జరిగేది. మా ఊళ్ళో పూయకుండా ఉండేది ఎవరు?" అని, "అయితే రోజూ కడిగితే చాలా?" అని నా బావమరిదిని అడిగాడు. పెద్దాయన నన్నొక పక్కకు పంపి, అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకుని, ముల్లు మీటరు గురించి, కంట్రోలరు గురించి అడగడం మొదలుపెట్టాడు. నేను వేరే అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాను. అంత చల్లటి మజ్జిగ నా జీవితంలో తాగలేదు. మూడు రోజులుగా గుండెల మీద మోసుకొచ్చిన పలకలు ఎవరో దించినట్టుంది.

శనివారం వంకాయలు ఎండబండిలోనే సంతకు పోయాయి. ఐదు బండ్లకూ మాట ఖాయమైంది. సంతలోనే అతను వ్యాను యజమానికి ఫోను చేసి రానని చెప్పేశాడు. కానీ నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో కూడా. నా పని నేను చేసుకుపోయాను. స్టూలెక్కడం, తుడవడం, దిగడం.

నాయుడుపేట దాటాక, ఆ సోడా బంకు దగ్గర ఉన్నట్టుండి బండి ఆపాడు.

"గుడ్డ ఏది బావా?"

"ఆ తుమ్మల్లో పారేసినా."

"అది అక్క చీర. ఆమె పెళ్ళిలో మా అమ్మ పెట్టింది. చిరిగినా దాచుకునింది." అతను కాసేపు నన్ను అలాగే చూసి, ముందుకు వంగి హ్యాండిలు మీద తల పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "నాకేం చెప్పబాక. నువ్వు పోయి ఆమెకే చెప్పుకో. ఐదు బండ్లు వచ్చినా అవి కూడా కాపాడవు నిన్ను."

దిగి తుమ్మల్లోకి పోయాను. ముళ్ళు గీరుకున్నా గుడ్డ దొరికింది. తిరిగి వచ్చేసరికి అతను సీటు మీద ఎడమకు జరిగి, కుడి పక్కన జాగా చేసి ఉన్నాడు.

"ఈ పక్క కూర్చో బావా. ఆ పక్కనించి నువ్వు ఏమంటాండావో నాకు వినపడి చావదు."

ఇంటికి వచ్చాక చీర సంగతి చెప్పాను. పసుపు సంగతీ, అబద్ధాల సంగతీ, 'జనరేటరోడు' అన్న సంగతీ చెప్పాను. నా భార్య అంతా విని, గుడ్డను మూడుసార్లు ఉతికి ఆరేసింది. నాలుగు రోజులు నాకు కాఫీ ఇచ్చింది గాని చక్కెర వెయ్యలేదు. ఐదో రోజు వేసింది.

ఆ ఏడాదే ఐదు బండ్లూ పల్లెకు పోయాయి. చివరిది తయారైన రోజు నన్ను కోడంబాక్కంలో తన షెడ్డుకు పిలిచాడు. పలకల చట్రం ముందు అంచున, ఎండకు ఏమాత్రం అడ్డు రాని చోట, అరచెయ్యంత తగరపు రేకు ఒకటి స్క్రూలతో బిగించి ఉంది. కిందనుంచే చెయ్యి అందుతుంది, స్టూలు అక్కర్లేదు. ఐదు బండ్లకూ అలాగే పెట్టాడట, ఆ ముసలమ్మ కోసం.

"ఈడ పెట్టు బావా" అని పసుపు గిన్నె నా చేతికిచ్చాడు. నీళ్ళతో కలిపిన పసుపు.